ఏం సతాయిస్తాది?

పోయిన వారం కెన్యా నుంచి నాకొక మెయిల్ వచ్చింది. రాసినామె పేరు వంజీరు. అందరిలా మాట్లాడని పిల్లలు, అందరిలా కుదురుగా కూర్చోని పిల్లలు, అయినా ఏదో ఒక పనిలో పెద్దవాళ్లను మించిపోయే పిల్లలు ఉంటారు. వాళ్ల కోసం ఆమె అక్కడ ఒక సంస్థ నడుపుతుంది. అలాంటిదే ఇంగ్లండులో ఒకటుంది, నంద్యాలలో మాది ఒకటుంది. మూడూ కలిసి కొన్నేళ్లుగా పనిచేస్తున్నాయి. కలిసి అంటే నెలకోసారి కంప్యూటర్ల ముందు కూర్చుని మాట్లాడుకోవడం, ఒకరి ఫారాలు ఒకరు వాడుకోవడం, ఏడాదికొకసారి ముగ్గురమూ ఒకే నివేదిక రాయడం. మా వైపు ఇంగ్లీషు మాట్లాడేదీ రాసేదీ నేను. ఆ పని నాకు బాగా వచ్చని కొంచెం పొగరు కూడా ఉండేది.

వంజీరు రాసిన సంగతి ఇది. మీ దగ్గర ఇంటింటికీ తిరిగే పెద్దామె అడిగే ప్రశ్నను మేము మా కొత్త కార్యకర్తలకు మొదటి రోజే నేర్పుతున్నాము. ఇప్పుడు వాళ్ల కోసం చిన్న పుస్తకం వేస్తున్నాము, మొదటి పేజీలో ఆమె ఫోటో వేయాలని ఉంది, దయచేసి పంపండి.

ఆ పెద్దామె చనిపోయి నాలుగు నెలలైంది. ఆ మాట వాళ్లకు రాయాల్సింది నేనే, రాయలేదు. రాస్తే ఎలా పోయింది, చివర్లో ఏం చేస్తూ ఉండేది అని అడుగుతారు. చివర్లో ఏం చేస్తూ ఉండేదో నాకు సరిగ్గా తెలియదు. తెలుసుకోకపోవడానికి కారణం మాత్రం బాగా తెలుసు.

ఆఫీసులో అందరం ఆమెను అక్కా అనేవాళ్లం. పేరు ఇక్కడ రాయను. బతికున్నప్పుడు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా పేరు వేయనిచ్చేది కాదు. "కాగితాల్లో నా పేరెందుకప్పా, నాకేమన్నా బియ్యమిస్తారా?" అనేది.

ఉండేది ఆళ్లగడ్డలో, విగ్రహాలు చెక్కేవాళ్ల వీధిలో. పొద్దున్నించి సాయంత్రం దాకా ఉలి చప్పుడు మధ్య బతకడం వల్ల గొంతు పెద్దది. ఆఫీసులో ఆమె ఫోన్‌లో మాట్లాడుతుంటే మేము పని ఆపి కూర్చునేవాళ్లం. అదే మనిషి పిల్ల ఉన్న ఇంట్లో అడుగుపెడితే గొంతు దించేసేది. పిల్లకు ఎదురుగా ఎప్పుడూ కూర్చోదు. పక్కన కూర్చుంటుంది, కింద, నేల మీద. పిల్ల ఏ గోడ చూస్తే తనూ ఆ గోడే చూస్తుంది. అరగంటైనా అలాగే ఉంటుంది. నేను ఒకసారి ఓపిక లేక, "అక్కా, ఏం చేస్తున్నాం మనం?" అని చెవిలో అడిగాను. "సినిమా చూస్తాండాం, గమ్మునుండు" అంది.

ఆమెకు కొన్ని పట్టుదలలుండేవి. ఏ ఇంటికి పోయినా ముందు నీళ్లడిగేది. దప్పికున్నా లేకున్నా, ఎవరిల్లైనా సరే. "నీళ్లిచ్చినోళ్లు మాట గూడా ఇస్తారు" అనేది. ఆఫీసు జీపెక్కేది కాదు. దాని మీద మా సంస్థ పేరూ బొమ్మా ఉంటాయి కదా, అది ఇంటి ముందు ఆగిందంటే ఆ ఇంట్లో 'అట్లాంటి' పిల్ల ఉన్నట్టు వీధి వీధికీ తెలిసిపోతుందని ఆమె బాధ. బస్సులో పోయేది. ఊరికి ఒక స్టాపు ముందే దిగి నడిచేది. ఇల్లు ఎక్కడని దారిలో ఎవరినీ అడిగేది కాదు. కోయిలకుంట్ల వైపు ఒక పల్లెలో ఇల్లు దొరక్క మధ్యాహ్నం దాకా తిరిగి, అడగకుండానే తిరిగొచ్చింది. మరుసటి వారం మళ్లీ పోయి కనుక్కుంది. నేను నవ్వితే, "నువ్వు నవ్వుతావప్పా, నీ ఇంటి ముందర జీపు నిలపలేదు గదా" అంది.

ఇక ఆ ప్రశ్న సంగతి.

మొదటి ఏడాది ఇంగ్లండు వాళ్లు పంపిన ఫారం తెలుగు చేసుకుని ఇళ్లకు తీసుకుపోయాం. అందులో 'మీ బిడ్డలో మీరు గర్వపడే గుణాలు' అని ఒక గడి. గడి పెద్దది, పది వరుసలు పడుతుంది. నలభై ఇళ్లు తిరిగితే నలభై ఫారాల్లోనూ ఆ గడి ఖాళీ. ఇంగ్లండు సంస్థ నుంచి మాతో మాట్లాడే హెలెన్ మంచి మనిషి. ఆ నెల మాట్లాడుకునేటప్పుడు చాలా నెమ్మదిగా, ఈ తల్లిదండ్రులకు పిల్లల మీద ఇష్టం లేదేమో, ముందు వాళ్లకు ఏదైనా శిక్షణ ఇవ్వాలేమో అంది. నేనేం చేశాను? అవునవునన్నాను. మా వాళ్లకు చదువు తక్కువండీ అన్నాను. మా అమ్మ కూడా ఆ గడి ఖాళీగానే వదిలి ఉండేదని ఆ నిమిషంలో నాకు గుర్తు రాలేదు.

అక్క నా పక్కనే కూర్చుని ఉంది. "ఏమంటాంది ఆ యమ్మ?" అని అడిగింది. చెప్పాను.

"ఆ యమ్మకు నేను చెప్తా, నువ్వు ఉన్నదున్నట్లు చెప్పు. కలపొద్దు, తీయొద్దు" అంది. అని కంప్యూటర్ వైపు వంగి, అవతల ఉన్నవాళ్లు చెవిటివాళ్లన్నట్టు అరిచి చెప్పింది. "మా తట్టు తల్లి తన బిడ్డ బాగుండాదని నోటితో చెప్పదమ్మా. చెప్తే దిష్టి తగులుతాది. నరుడి కంటికి నాపరాయైనా పగులుతాది. అన్నం బాగా తింటాది అని గూడా చెప్పరు. అట్లాంటిది మీరు కాగితం మీద రాయమంటే ఎట్ల రాస్తారు? పొగడమంటే నోరు తెరవరు. తిట్టమనండి, పొద్దుగూకేదాకా చెప్తారు. నేనైతే, నీ బిడ్డ నిన్ను ఏం సతాయిస్తాది అని అడుగుతా. దాంట్లోనే ఉంటాది అంతా."

నేను ఉన్నదున్నట్లే చెప్పాను.  అవతల వింటున్న వంజీరు పెద్దగా నవ్వింది. వాళ్ల అమ్మమ్మ ఇంటికి ఎవరైనా వచ్చి పసిబిడ్డ ముద్దుగా ఉంది అంటే ఆ ముసలామె కోపంతో మాట మార్చేదట. మా ఊళ్లోనూ ఆ గడి ఖాళీగానే వస్తోంది, నేను సిగ్గుపడి మీకు చెప్పలేదు అంది. ఆ నెలే ఫారం మార్చాం. మూడు దేశాల్లోనూ మొదటి ప్రశ్న ఆమెదే అయింది. హెలెన్ కూడా తమ దగ్గర తల్లులను అలాగే అడిగి చూసింది. మామూలుగా రెండు ముక్కలు రాసేవాళ్లు రెండు పేజీలు రాశారని తర్వాత చెప్పింది.

ఫారాలు నిండిపోయాయి. గోడ గడియారం నాలుగుసార్లు విప్పేశాడు. ఇంటికొచ్చిన ప్రతి బండి నంబరూ తలుపు మీద రాస్తాడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని ఏడుస్తుంది, కానీ ఏ ఇంట్లో మిక్సీ తిరుగుతోందో వీధి చివర నుంచి చెబుతుంది. తల్లులు ఇవన్నీ తిట్లుగానే చెప్పారు. అక్క వచ్చి నాకు చెబితే నేను వాటిని మంచి ఇంగ్లీషులోకి ఎక్కించేవాడిని. ఆ పనిలో నాకు నిజంగా ఆనందం ఉండేది, దాచుకోవడమెందుకు.

శిరివెళ్ల పక్కన ఒక పల్లెలో ఓబులమ్మ అని పద్నాలుగేళ్ల పిల్ల ఉంది. అహోబిలం మొక్కుతో పుట్టిందని ఆ పేరు. మాట చాలా తక్కువ, ఎవరి ముఖమూ చూడదు. ఏం సతాయిస్తాదని అడిగితే వాళ్లమ్మ చెప్పింది: "కంచంలో అన్నం పెడితే గంట సేపు ఏరుతాదమ్మా. రాళ్లు గాదు, మంచి మెతుకులే ఏరి పక్కన పెడతాది. సల్లారిపోయినాక తింటాది. చూసి చూసి నా ప్రాణం పోతాంది."

ఇంకొకరైతే అలవాటని రాసుకుని లేచేవాళ్లు. అక్క ఆ పూట అక్కడే ఉండి, పిల్ల తినేటప్పుడు పక్కన కూర్చుని, ఆ ఏరిన మెతుకులు చూసింది. కంచం అంచున ఒక కుప్ప, నడిమధ్య ఒక కుప్ప. అంచున ఉన్న మెతుకు పిసరంత పొట్టిది. తండ్రిని అడిగితే తేలింది, బస్తా అడుగున మిగిలిన పాత బియ్యంలో వేరే రకం కొత్త బియ్యం కలిపి వండడం ఆ ఇంట్లో అలవాటు. ఉడికిన మెతుకులో రకాన్ని పట్టుకుంది ఆ పిల్ల. కన్నవాళ్లు ఎనిమిదేళ్లు కసురుకున్నది దీనికి.

తల్లికి ఈ సంగతి చెప్పి అక్క ఒక మాట ఇచ్చింది. ఇది ఈ ఇల్లు దాటదు. పిల్ల పెద్దదయ్యాక విత్తనాలు శుభ్రం చేసే చోట ఏదైనా పని చూద్దాం, అంతదాకా ఎవరికీ తెలియదు. అంత గట్టిగా ఎందుకు ఒట్టు పెట్టుకుందో నాకు తెలుసు. ఆమె తమ్ముడు ఇలాంటివాడే. బస్సుల శబ్దాలు చేసేవాడు, ఏ బస్సు శబ్దం ఆ బస్సుదే. ఆళ్లగడ్డ బస్టాండులో టీ పోయించి చేయించేవాళ్లు. చేయనంటే ఒళ్లు గిల్లి చేయించేవాళ్లు. "నా తమ్మున్ని జనం మెచ్చుకోని మెచ్చుకోని సంపేసినారప్పా" అని ఒకరోజు బస్సులో నాతో చెప్పింది. ఇది విన్నవాణ్ని నేను. విని కూడా ఆ పని చేశాను.

ఏడాదిన్నర కిందట, ఎండాకాలంలో, మూడు సంస్థల పెద్ద సమావేశం రాబోతోంది. వచ్చే మూడేళ్లు కలిసి పనిచేయాలా వద్దా అన్నది ఆరోజే తేలుతుంది. ప్రతి సంస్థా తమ పని చూపించాలి. ఆ వారమే అక్క ఓబులమ్మనూ తల్లినీ నంద్యాల పిలిపించింది. తల్లిని వసారాలో కూర్చోబెట్టి, లోపల గది తలుపు వేసి, రెండు రకాల వడ్లు కలిపి స్టీలు పళ్లెంలో పోసింది. పచ్చి వడ్లలో కూడా తెలుస్తుందేమో చూద్దామని, అంతే. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల వేళ్లు ఒక్క గింజ తప్పకుండా రెండు కుప్పలు చేస్తున్నాయి. ఫోన్ తీశాను. అక్క వంగి ఇంకొన్ని వడ్లు పోస్తూ ఉంది, నన్ను చూడలేదు. రెండు నిమిషాల వీడియో.

సమావేశంలో చూపించాను. అందరూ లేచి నిలబడ్డారు. హెలెన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పిల్ల పేరు లేదు, ఊరు పేరు లేదు కాబట్టి ఫర్వాలేదనుకుని ముగ్గురమూ కలిసి నడిపే ఇంటర్నెట్ పేజీలో పెట్టాం. ముఖం ఉంది కదా అని నాకు తోచలేదు. తోచిందేమో, పక్కకు తోసేశానేమో. ఇప్పుడైతే రెండోదే నిజమనిపిస్తుంది.

వారం తిరక్కుండానే అది నంద్యాల చుట్టుపక్కల రైతుల వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చింది. పిల్ల ముఖం గుర్తుపట్టినవాళ్లెవరో ఊరు పేరు చెప్పేశారు. నారు పోసే కాలం. కల్తీ విత్తనం భయం లేని రైతెవరు? గడివేముల నుంచి, కోయిలకుంట్ల నుంచి ఆటోల్లో వచ్చారు, గుడ్డల్లో గుప్పెడు గుప్పెడు వడ్లు కట్టుకుని. బిస్కెట్ పొట్లాలు తెచ్చారు, దండం పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఆ పిల్ల పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా ఏరింది. ఒక రైతు ఆమె ఏరిన గింజలు తీసుకుపోయి విత్తనాలు అమ్మినవాడి గల్లా ముందు పోసి గొడవ పెట్టుకున్నాడు. మరుసటి రోజు ఆ అమ్మినవాడి మనుషులు నలుగురు ఆ ఇంటికొచ్చారు. కొట్టలేదు, తిట్టలేదు. తెచ్చిన వడ్ల బస్తా విప్పి పిల్ల నెత్తి మీద, ఒళ్లో, చుట్టూ గుమ్మరించారు. "ఏరు. అన్నీ ఏరు" అని చెప్పి ఎదురుగా నిలబడ్డారు.

ఆమె ఏరడం మొదలుపెట్టింది. వాళ్లు పోయాక కూడా ఆపలేదు. తల్లి రెక్క పట్టుకుని లేపినా లేవలేదు. మరుసటి రోజు నుంచి అన్నం ముట్టలేదు. బియ్యపు గింజ కనపడితే వెనక్కి తిరిగి గోడకు ముఖం పెట్టుకునేది. తండ్రి గేటుకు తాళం వేశాడు.

అక్క ఆఫీసుకొచ్చి నా ముందు నిలబడింది. నేను ముందే జవాబు తయారు చేసుకుని ఉన్నాను. "ఫారం మీద వాళ్ల నాయన సంతకం ఉందక్కా. ఫోటోలు, వీడియోలు తీసుకోవచ్చని అందులో ఉంది" అన్నాను.

"ఆ కాగితంలో ఏముండాదో ఆ యప్పకు చెప్పింది ఎవురు?"

"నువ్వే."

"నాకు చెప్పింది ఎవురు?"

"నేనే."

"వీడియో అని నువ్వు నాకు చెప్పినావా?"

చెప్పలేదు. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్న మాట అది. మూడు దేశాలకూ ఒకటే ఫారం, అందరి దగ్గరా ఉండేదే కదా అని దాటేశాను. ఆమె సంచి భుజానికి తగిలించుకుని బయటికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

హెలెన్‌కు చెబితే ఆ గంటలోనే పేజీలోంచి వీడియో తీసేయించింది. ఏడ్చింది కూడా. పిల్లల ముఖాలు ఎక్కడా చూపించకూడదని మూడు సంస్థలూ రాసుకున్నాయి. ఆ కుటుంబానికి క్షమించమని హెలెన్ పెద్ద ఉత్తరం రాసింది, నేను తెలుగు చేశాను. అక్కకు ఇస్తే అంతా చదివించుకుని విన్నది. "మంచి మనిషే. అయితే ఇది తీసకపోయి ఇస్తే బిడ్డ తింటాదా?" అని మడిచి నా చేతికే ఇచ్చింది. నేను ఆ ఊరు వస్తానంటే వద్దంది. "నువ్వొస్తే జీపొస్తాది" అంది. అప్పటినుంచి బుధవారం బుధవారం సెలవు పెట్టేది. ఎక్కడికని నేను అడగలేదు. అడిగితే తోడు రమ్మంటుందేమోనని నా భయం.

పోయిన ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున ఇంట్లోనే కళ్లు తిరిగి పడిపోయింది. నంద్యాల తెచ్చేలోపే అయిపోయింది. నేను పోయేసరికి చెక్కేవాళ్లంతా ఉలులు పక్కన పెట్టి వీధిలో నిలబడి ఉన్నారు. నేను దండ వేసి, వెనకెక్కడో నిలబడి, అందరికంటే ముందే వచ్చేశాను.

ఇదిగో, ఇప్పుడు ఈ మెయిల్. ఆఫీసులో వెతికితే ఆమె ఫోటో ఒక్కటీ లేదు. సరే ఇంట్లో ఉంటుందేమోనని మంగళవారం ఆళ్లగడ్డ పోయాను. అక్క కోడలు కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. ఫోటో లేదంది. ఆధార్ కార్డు మీద ఉన్నది చూపించింది, అందులో ఆమె ఆమెలా లేదు.

"ఫోటో ఎందుకు గానీన్నా, ఆ పిల్ల ఎట్లుండాది?" అని అడిగింది కోడలు.

"ఏ పిల్ల?"

"శిరివెళ్ల కాడ పిల్ల. మా అత్త బుధవారం బుధవారం పొద్దున్నే లేసి సంగటి కెలికి డబ్బా కట్టుకోని పోతాండె గదా. మామూలు సంగటి గాదు. మనం రాగిపిండిలో బియ్యమో నూకో ఏస్తాం, ఆ యమ్మ ఉత్త పిండితోనే చేసేది. గింజ కనపడితే ఆ పిల్ల తినదంట. ఉండలు కట్టకుండా ఉత్త పిండితో సంగటి కావాలంటే ఎంత కెలకాలన్నా. ఆ ముసలి సేతుల్తో. మీకు తెలీదా?"

తెలీదన్నాను.

మరుసటి రోజు బుధవారం. బస్సెక్కి పోయాను. గేటుకు తాళం లేదు. వసారాలో ఓబులమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, కంచం ముందు పెట్టుకుని సంగటి తింటోంది. పిల్ల పొడుగైంది. తల్లి గడపలో ఉంది. నంద్యాల ఆఫీసు నుంచి వచ్చానని చెప్పాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఆ యమ్మ పోయిందంట గదా" అంది.

"అవునమ్మా."

"మూడు వారాలు చూసినాక తెలిసింది. అంతదాకా రాలేదేమని తిట్టుకుంటాంటి."

నేను అరుగు అంచున కూర్చున్నాను. ఆమె తనంతట తనే చెప్పడం మొదలుపెట్టింది. "మొదుట్లో మా ఆయన గేటు తియ్యనీలేదు సారూ. ఎదురింటి అరుగు మీద కూర్చునేది. నేను బయటికి పోయి నోటికొచ్చినట్లు తిట్టినా. ఒగ రోజు చీపురు గూడా ఎత్తినా. 'ఆ వీడియో నేనే తీసినా తల్లీ, నన్నే తిట్టు' అనేది. తిట్టించుకోని, డబ్బా ఈ గోడ మీద పెట్టి పోయేది. నాలుగు వారాలు నేను దాన్ని కుక్కకేసినా. అయిదో వారం ఈ పాపే పోయి తెచ్చుకునింది. మూత తీసి చూసింది, గింజ లేదు. తినింది. అప్పుడు గేటు తీసినా. సంగటి ఎట్ల కెలకాల్నో నాకు నేర్పినాది. ఇప్పటికీ అన్నం ముట్టదు. బియ్యం చెరగాలంటే నేను పక్కింటికి పోతా."

ఆమె మాట్లాడుతున్నంతసేపూ నాకు ఒకే మాట వినపడుతూ ఉంది. వీడియో నేనే తీసినా. ఆఫీసు సారు తీశాడని తెలిస్తే నలభై ఇళ్ల తలుపులు మూసుకుంటాయని అలా చెప్పి ఉంటుంది. లేదా నన్ను కాపాడి ఉంటుంది. ఏదైనా నేను సిగ్గుతో చచ్చిపోయాను. 

"ఆమె తీయలేదమ్మా" అన్నాను. "తీసింది నేను."

"తెలుసు" అంది.

నేను తలెత్తి చూశాను.

"వీడియోలో వడ్లు పోసేది ఆ యమ్మే గదా. రెండు సేతులూ కనపడతానే ఉండాయి. ఇంగ ఫోను దేంతో పట్టుకుంటాది? నేను సదువుకోలేదు గానీ అంత తెలీకుండా పోతానా."

"మరి ఆమెతో ఎందుకు అనలేదు?"

"తప్పు తనది అనుకునేదానికే గదా వస్తాండాది. నీది కాదు పో తల్లీ అంటే మానుకుంటాదేమో. బిడ్డ తింటాండాది. నేను గమ్మునున్నా." చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "తీసినోడు ఎప్పుడన్నా వస్తాడేమోనని చూస్తాంటి. ఏడాదిన్నర పట్టింది నీకు."

సారూ అన్న పిలుపు పోయింది. దానికి నాకు బాధ లేదు. క్షమించమని అడుగుదామనుకున్నాను, హెలెన్ ఉత్తరం గుర్తొచ్చి ఊరుకున్నాను.

అప్పుడు చూశాను ఓబులమ్మను. తినడం ఆపేసింది. ముఖం చూడని పిల్ల కదా, నా చొక్కా జేబు వైపు చూస్తోంది. జేబులోంచి ఫోన్ సగం పైకి కనపడుతోంది. ఆమె చూపు దాని మీదే పెట్టి, రెండు చేతులతో కంచం ఎత్తి, మెల్లగా తన వీపు వెనక్కి జరుపుకుంది.

నేను గబగబా ఫోన్ తీసి సంచి అడుగున పెట్టాను. సంచి మూసి, అవతలికి నెట్టాను. రెండు చేతులూ ఆమెకు కనపడేలా మోకాళ్ల మీద పెట్టుకున్నాను. ఆమె కంచం ముందుకు తేలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎదురుగోడ మీద ఎండ కిందికి దిగింది.

"సంగటి సల్లారిపోతాది" అంది వాళ్లమ్మ. "నువ్వు బయల్దేరప్పా."